డాబా మీది గెరికెన్లు

నాచారం చౌరస్తా నుంచి నాలుగు గల్లీలు లోపలికి వెళ్తే వచ్చే ఆ చిన్న కాలనీలో సూర్యకళ ఇల్లెక్కడని అడిగితే సగం మందికి తెలియదు. కాయల ఫ్యాక్టరీ ఆమె ఇల్లెక్కడని అడిగితే మాత్రం పాల ప్యాకెట్లు వేసేవాళ్లు కూడా వేలు చూపిస్తారు. ఫ్యాక్టరీ వెళ్లిపోయి రెండేళ్లు దాటింది. పేరు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

పద్దెనిమిదేళ్లు ఆమె మల్లాపూర్‌లో ఒక రేకుల షెడ్డు కింద నిలబడి కాయలు ఏరింది. వేలెడంత పచ్చటి కాయలు, ఒళ్లంతా చిన్న చిన్న బుడిపెలు. రైతుల దగ్గర నుంచి లారీల్లో వచ్చేవి. రబ్బరు పట్టా మీద ఆడవాళ్ల ముందు నుంచి సాగిపోయేవి. సైజుల వారీగా వేరయ్యి, నీలం డ్రమ్ముల్లో ఉప్పునీళ్లలో మునిగి, ఎక్కడెక్కడి దేశాలకో ఓడలెక్కేవి. కాగితాల మీద వాటి పేరు గెర్కిన్. షెడ్డులో ఆడవాళ్ల నోట పడి అది గెరికెన్ అయింది. కిలోకు మూడొందల కాయలు తూగేంత బుల్లికాయ ‘మూడొందలు’. నూట అరవై తూగేది ‘నూటరవై’. కాస్త లావెక్కింది ‘అరవై’. ఎవరూ అంతకు మించి పేర్లు పెట్టలేదు, పెట్టాల్సిన పనీ పడలేదు.

సూర్యకళకు తక్కెడతో పనిలేదు. కాయ అరచేతిలో పడితే చాలు, అంకె నోట్లోకి వచ్చేసేది. కొత్తగా చేరిన ఆడవాళ్లను మొదటి వారం ఆమె పక్కనే నిలబెట్టేవాళ్లు. వంకర కాయ, పువ్వు రాలని కాయ, పురుగు గీరిన కాయ, అన్నీ ఆమె చూపుకు ముందే ఆమె వేళ్లకు దొరికిపోయేవి.

ఇన్నేళ్లలో ఆమె ఆ కాయను ఒక్కసారి కూడా తినలేదు.

తినొద్దని ఎవరూ అనలేదు. మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు, ఎదురుగా ఆగని పట్టా. భోజనాల గంట కొట్టేసరికి ముక్కు నిండా పులుపు వాసన. డబ్బా మూత తీసి పప్పన్నం తినడమే కష్టంగా ఉండేది. పైగా అది మనం తినే కాయ కాదని అందరూ అనేవాళ్లు. ఎవరు మొదట అన్నారో తెలియదు గానీ అందరూ అనేవాళ్లు. ఇంటికొస్తే భర్త పాండురంగ, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్, అప్పుడప్పుడు అడిగేవాడు.

“ఇంతకీ ఎట్లుంటదే ఆ కాయ?”

“పచ్చగ ఉంటది.”

“రంగు కాదు, రుచి.”

“నాకేం ఎరుక? నేను ఏరుతనే గని తింటనా?”

రెండేళ్ల కిందట ఫ్యాక్టరీని పొలాలకు దగ్గరగా వేరే జిల్లాకు మార్చేశారు. చివరి రోజు ఏడుపులూ, ఫోటోలూ అయ్యాక మహిపాల్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. మహిపాల్ రైతులకు విత్తనాలిచ్చి, పంట చూసి, కాయ తెప్పించే మనిషి. “ఇంటి కాడ ఏసుకోన్రి అక్కా. మన కాయనే,” అన్నాడు. సూర్యకళ ఆ పొట్లాన్ని కుట్టుమిషను సొరుగులో పడేసి మరిచిపోయింది.

మళ్లీ అది బయటికి రావడానికి కారణం కోడలు అమూల్య. పోచారంలో ఐటీ ఉద్యోగం. పొద్దున్నే డబ్బాలో కీరా ముక్కలు, క్యారెట్ ముక్కలు సర్దుకుని వెళ్తుంది. ఎంత కడిగినా కీరాకు మైనం పూత అంటుకునే ఉందని ఒకరోజు విసుక్కుంది.

“అత్తమ్మా, డాబా అంతా ఖాళీగనే ఉంది గదా. కీరా మనమే ఏసుకుందాం. మందులుండయి, ఏముండయి.”

ఆ శనివారమే ఉప్పల్ నర్సరీ నుంచి ఆరు సంచులు, మట్టి, కీరా విత్తనాల ప్యాకెట్టు తెచ్చింది. విత్తనాలంటే సూర్యకళకు సొరుగు గుర్తొచ్చింది. పొట్లం విప్పి చూస్తే గింజలు బాగానే ఉన్నాయి, తెల్లగా, సన్నగా. పక్కింటి త్రిపురసుందరి గోడ మీదుగా ఇదంతా చూసి లోపలికి వెళ్లి, తానూ ఒక కాగితం పొట్లం తెచ్చింది. ఆమెది తెనాలి దగ్గర. భర్త ఉద్యోగం కోసం ముప్ఫై ఏళ్ల కిందట ఉప్పల్ వచ్చి, తర్వాత ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు.

“దోస గింజలండీ సూర్యకళగారూ. మా అక్క పంపించింది. మీకు సంచులున్నాయిగా, రెండు గింజలు వేసి చూడండి.”

మూడు రకాల గింజలనూ సూర్యకళ ఒక పళ్లెంలో పక్కపక్కన పోసింది. కాసేపు తేరిపార చూసింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

“దోస అంటే కీరానే గదక్కా?” అని అడిగింది.

“అయ్యో, కాదండీ! దోసకాయంటే దోసకాయ. పచ్చగా ఉంటుంది, పప్పులో వేస్తాం.”

“పచ్చగ అంటే ఇగో గీ ఆకు లెక్కనా?”

“ఆకుపచ్చ కాదండీ, పసుపుపచ్చ.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏదైతేనేం, సంచికి రెండు గింజల లెక్కన జూన్ మొదట్లో, మిరుగం కార్తెలో విత్తారు. రెండు సంచుల్లో గెరికెన్, రెండింట్లో కీరా, రెండింట్లో దోస. అమూల్య ఐస్‌క్రీం పుల్లల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి గుచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

నాలుగో రోజు మొలకలొచ్చాయి. ఎనిమిదో రోజు గాలివాన వచ్చింది. సంచులు కొట్టుకుపోతాయని పాండురంగ లుంగీ ఎగ్గట్టుకుని పైకి పరుగెత్తి ఆరింటినీ నీళ్ల ట్యాంకు కిందికి లాక్కొచ్చాడు. తెల్లారి సూర్యకళ వెళ్లి చూస్తే పుల్లలు ఉన్నాయి గానీ పుల్లల మీద అక్షరాలు లేవు. నీలం మరకలు మాత్రం ఉన్నాయి. ఏ సంచి ఏ వరసలోంచి వచ్చిందని అడిగితే పాండురంగ గడ్డం గోక్కున్నాడు.

“వానల తడుసుకుంట లాగిన. నాకేం ఎరుక? ఆకులు చూసి చెప్పలేవా? పద్దెనిమిదేండ్లు చేసినవ్ గదా!”

ఆ మాటకు ఆమె సంచుల ముందు కూర్చుంది. అప్పుడు తట్టింది, పద్దెనిమిదేళ్లలో ఆ కాయ తీగను గానీ ఆకును గానీ తాను ఎప్పుడూ చూడలేదని. కాయ తెగిన తర్వాతే ఆమె దగ్గరికి వచ్చేది. తీగకు ఉన్నప్పుడు అది ఎలా ఉంటుందో ఆమెకేం తెలుసు?

తీగలు ఎగబాకాక త్రిపురసుందరి వచ్చి రెండు సంచులను ఇట్టే పట్టేసింది. “ఇదిగో, ఆకు గుండ్రంగా, మెత్తగా ఉంది చూశారా? ఇవి మావి.” ఆ రెండింటినీ పిట్టగోడ పక్కకు జరిపారు. మిగిలిన నాలుగు మాత్రం నాలుగూ నాలుగే. అదే కోసుగా ఉండే గరుకు ఆకు, అవే పచ్చటి పువ్వులు, అదే చేతికి గుచ్చుకునే నూగు.

పూలు రాలి పిందెలు సాగడం మొదలయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. పొద్దున్నే చెంబుతో నీళ్లు పట్టుకుని పైకి వెళ్తుంది. ఆకుల కింద వేలెడంత కాయ కనబడుతుంది. ఉంచాలా, కోయాలా అని ఆలోచించేలోగా అది ఆమె చేతిలో ఉంటుంది. నూటరవై. పక్కన ఇంకోటి. మూడొందలు. కిందికి దిగేసరికి కొంగు నిండా కాయలు. ఫ్రిజ్‌లో మూడు డబ్బాలు పెట్టి సైజుల వారీగా సర్దేది. ఆ సర్దే అయిదు నిమిషాలూ ఆమె మొహంలో ఏదో నెమ్మది కనిపించేది.

పదిరోజులు చూసి అమూల్య అడిగింది.

“అత్తమ్మా, కీరా ఒక్కటన్న కాయలేదా? తీగలు జూస్తే మస్తున్నయి.”

“కాస్తున్నయి గదా బిడ్డా. ఫ్రిజ్‌ల ఉన్నయి సూడు.”

అమూల్య డబ్బాలు తీసి చూసి నివ్వెరపోయింది. “ఇవన్నీ ఏ చెట్టువి?”

సూర్యకళ ఒక కాయ తీసుకుంది. “ఇది నూటరవై.”

“అది సైజు అత్తమ్మా. కాయేంది? గెర్కినా, కీరానా?”

ఇన్నేళ్లూ ఎవరూ ఆమెను ఈ ప్రశ్న అడగలేదు. పట్టా మీద వచ్చేవన్నీ ఒకే కాయ. ఎంత ఉందన్నదే ప్రశ్న, ఏమిటన్నది ప్రశ్న కాదు. ఇప్పుడు చేతిలో ఉన్నదాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. బుడిపెలున్నాయి. అయితే అన్నింటికీ ఉన్నాయి. వాసన చూసింది. పచ్చి వాసన. అయితే అన్నింటికీ అదే.

మహిపాల్‌కు ఫోటోలు పంపింది. అరగంటకు ఫోన్ చేశాడు.

“సూర్యక్కా, మంచిగున్నయి కాయలు.”

“మంచిగనే ఉన్నయి తమ్మీ. ఏంటియో చెప్పు.”

“ఫోటోల ఎట్ల చెప్తమక్కా? నిజం చెప్పాల్నంటే రెండూ ఒక్క జాతే. అన్నదమ్ములసొంటియి. పిందెగ ఉన్నప్పుడు నేను పక్కన నిలవడి చూసినా తడబడత.”

“మరి ఒక్కటే అయితే రెండు పేర్లెందుకు?”

“ఒక్కటే గాదక్కా. జాతి ఒక్కటే, రకం వేరు. గెర్కిన్ అంటే చిన్నగున్నప్పుడు కోసేతందుకే పెంచిన రకం. పెద్దగానిస్తే లావయితది గని కీరా లెక్క పొడుగు సాగదు.”

“అంటే పెద్దగైతే అది గెరికెన్ కాదా?”

“అయితది... కాని ఎవ్వరు కొనరు,” అన్నాడు.

ఆ జవాబు విన్నాక సూర్యకళకు ఉన్న అనుమానం తీరలేదు సరిగదా, ఇంకోటి తోడైంది. సరే, కాయ సంగతి తర్వాత, ముందు దాని రుచి చూద్దామని నిశ్చయించుకుంది. డ్రమ్ముల్లో ఎలా వేసేవాళ్లో అలాగే వేయాలి. ఇక్కడా తనకు తెలిసింది సగమే. ఉప్పునీళ్ల గది వేరు, ఏరే షెడ్డు వేరు. ఆ గదిలో పనిచేసింది వెంకటనర్సమ్మ. మల్లాపూర్‌లోనే ఉంటుంది. మరునాడు మధ్యాహ్నం షేర్ ఆటో ఎక్కి వెళ్లింది.

వెంకటనర్సమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అరవై దాటిన మనిషి. వేళ్ల చివర్లు ఇంకా తెల్లగా ముడతలు పడే ఉన్నాయి, నిన్ననే నీళ్లలోంచి తీసినట్టు. సంగతంతా విని పకపకా నవ్వింది.

“ఇంటికాడ ఎవలన్న గది చేస్తరా సూరీ? మామిడికాయ దొరకలేదా నీకు?”

“నవ్వకు నర్సమ్మక్క. ఎట్ల ఏస్తరో చెప్పు.”

వెంకటనర్సమ్మ చెప్పింది. కాయ కడగాలి, కొసలు కోయాలి. లీటరు నీళ్లకు గుప్పెడు ఉప్పు. వారం ఊరనిచ్చి, ఆ నీళ్లు పారబోసి, సగం నీళ్లు సగం వెనిగర్ కలిపి మరగబెట్టి పోయాలి. ఆవాలు, మిరియాలు, వెల్లుల్లి. ఏదో విదేశీ ఆకు కూడా వేసేవాళ్లు, సోపు ఆకులా ఉంటుంది, అది లేకపోయినా ఏం కాదు.

“అక్కా, నువ్వెప్పుడన్న తిన్నవా?”

వెంకటనర్సమ్మ చింతపండు పక్కన పెట్టింది. గల్లీ అటూ ఇటూ చూసింది, ఫ్యాక్టరీ మనుషులు ఇంకా ఎవరైనా వింటారన్నట్టు.

“ఒక్కసారి. చేరిన ఏడే. డ్రమ్ముల ఎనక నిలవడి తిన్న.”

“ఎట్లుండె?”

“ఉప్పు.” కాస్త ఆగి అంది. “ఇంకేమన్న ఉండెనేమో. భయంల తిన్న గదనే, నాకేం తెల్వలే.”

ఇంటికొచ్చి సూర్యకళ అచ్చం ఆమె చెప్పినట్టే చేసింది. నాలుగు సంచుల్లో బాగా కాసే, ట్యాంకు పక్కనున్న సంచి నుంచి, ఇవే గెరికెన్లని మనసుకు గట్టిగా అనిపించిన నూటరవై కాయలు ఏరి గాజు సీసాలో వేసింది. ఎందుకు అనిపించిందంటే చెప్పలేదు. పట్టా మీద కాయల్లాగే ఒక్క సైజులో, తిన్నగా ఉన్నాయి, అంతే. పన్నెండో రోజు ఆదివారం. అందరూ ఇంట్లో ఉన్నారు. సీసా మూత తీయగానే షెడ్డు వాసన వంటింట్లోకి వచ్చేసింది. పట్టా చప్పుడు, రేకుల వేడి, మధ్యాహ్నం కాళ్ల తిమ్మిరి అన్నీ ఆ వాసన వెంట వచ్చాయి. ఒక కాయ తీసి చిన్నగా కొరికింది.

కరకరమంది. పుల్లగా, ఉప్పగా, ఆవాల ఘాటుతో చెవుల దాకా తాకింది. నమిలింది. బాగుందా? బాగా లేదా? అందరూ తన మొహంలోకే చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి. కళ్లల్లో నీళ్లు మాత్రం తిరిగాయి, పులుపుకో దేనికో.

పాండురంగ ఒక కాయ మొత్తం నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు.

“దీని కోసమా నువ్వు పద్దెనిమిదేండ్లు నిలవడ్డది?”

వెక్కిరిద్దామని అన్న మాట కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. కానీ సూర్యకళ సీసా మూత బిగించి డాబా పైకి వెళ్లిపోయింది. తనకు కోపం వచ్చిందో బాధ కలిగిందో ఆమె తేల్చుకోలేకపోయింది. కాయ బాగా లేదని ఆయన అంటే తనకెందుకు గుచ్చుకోవాలి? పద్దెనిమిదేళ్లూ అది తను పండించి పంపిన కాయ కాదు, వండిన కాయ కాదు. ఏరిన కాయ. ఏరిన కాయ మీద మనిషికి ఇంత మమకారం ఉంటుందా?

రెండు రోజులకు అమూల్య ఇంకో గడబిడ తెచ్చిపెట్టింది. ఉప్పల్‌లో కొత్తగా తెరిచిన పెద్ద కూరగాయల దుకాణానికి వెళ్లి, అక్కడి నుంచే ఫోన్ చేసింది. “అత్తమ్మా, ఇక్కడ గెర్కిన్లు అమ్ముతున్నరు! తెచ్చి మనవాటి పక్కన పెట్టి సూద్దాం.” తెచ్చిన ప్యాకెట్టు మీద అక్షరాలా గెర్కిన్ అనే ఉంది. లోపల దొండకాయలు.

సూర్యకళ ఆ ప్యాకెట్టును పట్టుకుని చాలాసేపు కూర్చుంది. దొండకాయ ఆమెకు తెలుసు. వేపుడు చేస్తుంది. దొండకాయ గెర్కిన్ అయితే, మరి తను ఏరింది ఏమిటి? ఒకవేళ ఇన్నేళ్లూ ఫ్యాక్టరీవాళ్లే పేరు తప్పు చెప్పారా? మనసు ఆగలేదు. మరునాడు తానే మెట్రో పిల్లర్ల పక్కన దిగి ఆ దుకాణానికి వెళ్లింది. తూకం దగ్గర ఉన్న నడివయసు ఆమె ముందు ప్యాకెట్టు పెట్టింది.

“అమ్మా, ఇవి దొండకాయలు.”

“అవు మేడం, దొండకాయలే.”

“మరి గెర్కిన్ అని ఎందుకు రాసిన్రు?”

“సిస్టంల గట్లనే ఉంది మేడం.”

“గెర్కిన్ అంటే ఇది గాదమ్మా. నేను పద్దెనిమిదేండ్లు గదే పని చేసిన. ఇగో, ఇది.” చేతి సంచిలోంచి తన డాబా కాయ ఒకటి తీసి తక్కెడ మీద పెట్టింది.

తూకం ఆమె ఆ కాయను చూసింది. “ఇది కీరా పిందె గద మేడం,” అంది. చాలా నమ్మకంగా అంది. వెనక వరసలో నిలబడినాయన తొంగిచూసి, “బుడమకాయ అమ్మా అది, మా ఊళ్లో చేన్లల్ల కాస్తది,” అన్నాడు. సూర్యకళ కాయ తీసుకుని సంచిలో వేసుకుంది. వచ్చేటప్పుడు ఆటోలో దాన్ని మళ్లీ బయటికి తీసి చూసుకుంది. తన చేతిలో దానికి ఇప్పుడు మూడు పేర్లున్నాయి.

ఆ రోజు నుంచి ఆమె ఒక పని చేసింది. నాలుగు సంచుల్లోనూ తీగకు ఒక్కో కాయను ఎర్రదారం కట్టి కోయకుండా వదిలేసింది. వినడానికి చిన్న పనే. ఆమెకు మాత్రం పెద్ద శిక్ష. నూటరవై కాయ కళ్లముందే అరవై అవుతుంటే చేతులు లాగేవి. కాయ చెయ్యి దాటిపోతోంది, ఇక దేనికీ పనికి రాదని లోపల ఎవరో అరిచేవాళ్లు. చీర కొంగు చేతికి చుట్టుకుని దిగి వచ్చేసేది.

వారానికి తేలిపోయింది. రెండు సంచుల్లో కాయలు సన్నగా జానెడు సాగి, లేతాకుపచ్చగా వేలాడుతున్నాయి. కీరాలు, ఇంక మాటే లేదు. మిగిలిన రెండింట్లో కాయలు పొట్టిగా, పీపాల్లా బలిసి, బుడిపెలు లేచి కూర్చున్నాయి. గెరికెన్లు. సూర్యకళ సంతోషంగా లెక్క చూసుకుంది. అంతలో సీసా గుర్తొచ్చింది. సీసాలో వేసిన కాయలు ఏ సంచివి? ట్యాంకు పక్కనున్న సంచివి. ట్యాంకు పక్కనున్న సంచి కీరాది.

అంటే ఆ రోజు అందరి ముందు ఆమె కొరికింది గెరికెన్ కాదు. పాండురంగ మొహం చిట్లించింది గెరికెన్ తిని కాదు. కళ్లల్లో నీళ్లు తిరిగింది కీరా పిందెకు.

ఈ సంగతి చెప్తే పాండురంగ ముందు నవ్వాడు. తర్వాత ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. “మరి నేనన్న మాట ఆ కాయకు తాకలేదన్నట్టు,” అన్నాడు. అది ఓదార్పో, క్షమాపణో ఆమెకు తెలియలేదు. రెండూ కావచ్చుననుకుంది.

ఆ దారం కట్టిన గెరికెన్లలో ఒకదాన్ని ఎందుకో కోయబుద్ధి కాక అలాగే వదిలేసింది. ఇరవై రోజులకు అది గుండ్రంగా ఉబ్బి, బంగారు రంగుకు తిరిగింది. త్రిపురసుందరి గోడ దగ్గరికి వచ్చి సంబరపడిపోయింది.

“చూశారా! మా దోసకాయ ఎంత బాగా పండిందో! ఇలా ఇవ్వండి, పప్పు చేసి పంపుతాను.”

“అక్కా, గది మీ దోస గాదు. మీ సంచులు పిట్టగోడ కాడ ఉన్నయి.”

“పచ్చగా ఉంటే దోసకాయ కాకపోతే ఇంకేవిటండీ?” అంటూ ఆమె కోసుకుని వెళ్లిపోయింది. పిట్టగోడ దగ్గరి అసలు దోస తీగలు పూలు పూసీ పూసీ కాయ నిలపక ఎండిపోతున్నాయని ఆమెకు చెప్పడానికి సూర్యకళకు నోరు రాలేదు. మధ్యాహ్నం గిన్నెలో పప్పు వచ్చింది. తోలు మందం, ముక్క చప్పన, కానీ పప్పు పప్పులాగే ఉంది. సాయంత్రం త్రిపురసుందరి గోడ మీదుగా అడిగింది, మొహం కాస్త వాడిపోయి ఉంది.

“మా ఊరి దోసకాయ ఇలా ఉండేది కాదండీ. ఈ నీళ్లు పడలేదంటారా? లేకపోతే నాకే నోరు మారిపోయిందా? ముప్ఫై ఏళ్లయిపోయింది మరి.”

సూర్యకళ ఒక్క క్షణం తటపటాయించింది. నిజం చెప్తే ఆమె నోరు మారలేదని తేలుతుంది, కానీ అక్క పంపిన గింజ కాయలేదని కూడా తేలుతుంది. ఏది ఎక్కువ నొప్పో తూచలేకపోయింది. చివరికి నిజమే చెప్పింది.

“అది గెరికెన్ అక్కా. పండిన గెరికెన్. మీ నోటికేం కాలే.”

త్రిపురసుందరి “అయితే పప్పులో గెర్కిన్ వేసిన మొదటిదాన్ని నేనేనేమో!” అని నవ్వింది. ఆ నవ్వుతో సూర్యకళ ఊపిరి పీల్చుకుంది.

సెప్టెంబరు రెండో ఆదివారం సూర్యకళ పాత షెడ్డు ఆడవాళ్లను భోజనానికి పిలిచింది. వెంకటనర్సమ్మతో కలిపి అయిదుగురు వచ్చారు. ఈసారి పొరపాటు జరగకుండా గెరికెన్ సంచుల్లోంచే కాయలు కోసింది. కొన్ని ఉప్పు కారం చల్లి పచ్చివే పెట్టింది. కొన్ని ఉప్పునీళ్లలో ఊరబెట్టినవి. కొన్నింటికి ఆవపిండి, కారం, నూనె పట్టించి దోసావకాయలా కలిపింది. జొన్నరొట్టెలు పాండురంగే కాల్చాడు, ఆయన చేతి రొట్టె ఇంట్లో అందరికంటే పలుచన.

అయిదుగురూ ఒక్కో కాయ తీసుకున్నారు. నోట్లో పెట్టేముందు అలవాటుగా అరచేతిలో ఒకసారి ఎగరేశారు. ఎవరికి వాళ్లే అంకె గొణుక్కున్నారు. తర్వాత తిన్నారు. ఒకామె కీరాలాగే ఉందంది. ఒకామె ఇంత వగరు కీరాకు ఉండదంది. ఇంకొకామె ఇది తినడానికి ఓడల్లో తెప్పించుకుంటారా అని ఆశ్చర్యపోయింది. వెంకటనర్సమ్మ మాత్రం ఊరబెట్టిన కాయను సగం కొరికి, తీరిగ్గా, కళ్లు సగం మూసుకుని నమిలింది.

“ఏందక్కా, ఎట్లుంది?” అని సూర్యకళ అడిగింది.

“ఆగవే. ఇప్పుడే గదా నిమ్మళంగ తింటున్న.”

పచ్చి కాయ సూర్యకళ కూడా తిన్నది. ఈసారి నిజమైన గెరికెనే. నమిలింది, మింగింది. కీరాకూ దీనికీ తేడా ఉందనిపించింది, ఇంకోటి తింటే లేదనిపించింది. పాండురంగ ఆవపిండి పట్టించిన కాయలు మూడు తిని, నాలుగో దానికి చెయ్యి చాపి, ఆమె చూస్తోందని వెనక్కి తీసుకుని, మళ్లీ చాపాడు.

సాయంత్రం వెళ్లబోయేముందు ఆడవాళ్లు గింజలు అడిగారు. మహిపాల్ ఇచ్చిన పొట్లాలు వాళ్లందరూ ఎప్పుడో పోగొట్టుకున్నారు. త్రిపురసుందరి పప్పుకు కోసినప్పుడు తీసి ఇచ్చిన గింజలను సూర్యకళ బూడిదలో ఆరబెట్టి ఉంచింది. పంచబోయేముందు ఎందుకైనా మంచిదని మహిపాల్‌కు ఫోన్ చేసింది.

“అక్కా, అవి హైబ్రిడ్ గింజలు. మళ్ల ఏస్తె తల్లి లెక్క రావు. పక్కన కీరా పూలు గూడ ఉండె గదా, తేనెటీగలు అటు ఇటు తిరిగి ఉంటయి. ఏం కాస్తదో నేనైతే చెప్పలేను.”

“గెరికెన్ అయితదా, కీరా అయితదా?”

“రెండూ గాకపోవచ్చక్కా.”

సూర్యకళ ఫోన్ పక్కన పెట్టి, అయిదు కాగితం ముక్కలు చింపి, బూడిద అంటిన గింజలు తలా పది చొప్పున పొట్లాలు కట్టింది. వెంకటనర్సమ్మ తన పొట్లం కొంగున ముడివేసుకుంటూ అడిగింది.

“ఏం గింజలని చెప్పాలె మా ఇంట్ల?”

“తెల్వదని చెప్పు,” అంది సూర్యకళ. “కాసినంక నాకు ఫోన్ చెయ్యి. కొయ్యకు. నేనొచ్చి సూస్త.”